వెనక్కి తిరిగిన ఓడలు

ద్వారకనాథ్ ఆడే ఆటలో యుద్ధం ఎప్పుడు చూసినా ఆఖరి దశలోనే ఉండేది. పటమంతా అతని రంగు, నేరేడుపండు రంగు, పరుచుకుని ఉండేది. పైన ఒక మూల, మంచు పడే ఉత్తరాన, కంప్యూటర్ నడిపే రాజు ఒకడు మిగిలి ఉండేవాడు. వాడికి ఉన్నవి కొన్ని ఊళ్ళు, కొన్ని పాత ఓడలు. వాడు ఓడిపోయాడని ద్వారకనాథ్‌కు తెలుసు. వెనక నిలబడి చూసేవాళ్ళకు తెలుసు. తెలియనిది వాడొక్కడికే. వాన వెలిశాక కూడా చూరు నుంచి చుక్కలు రాలుతున్నట్టు, తన వంతు వచ్చిన ప్రతిసారీ ఒక ఓడనిండా సైనికుల్ని తెచ్చి ఏదో ఒక రేవు దగ్గర దించి పోయేవాడు.

ఆ రేవుల పేర్లు ద్వారకనాథ్ పెట్టినవే. రాజధాని కడంబత్తూరు. అది అతను పుట్టిన ఊరు, తిరువళ్ళూరు దాటాక అరక్కోణం వైపు రైలు ఆగే చిన్న స్టేషను. దాని చుట్టూ మణవూరు, తిరువాలంగాడు, మోసూరు. రైలు కిటికీలోంచి వరసగా కనపడే పేర్లన్నీ ఆటలో నగరాలై, కోటగోడలు కట్టుకుని, దీపాలు పెట్టుకుని మెరిసేవి. సముద్రం ఒడ్డున కాట్టుపల్లి, దాని పక్కన మింజూరు. ఒక ఆదివారం వంటింట్లో ఉన్న అతని భార్య ఉషకు "అయ్యో, మింజూరు పోయిందే" అన్న మాట వినపడింది. వారమంతా అతను పనివాళ్ళతో కలిసి ఉండే గది మింజూరులోనే ఉండేది. సముద్రం పొంగిందేమోనని గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. తెరమీద గోరంత ఊరు ఒకటి మండుతోంది.

"నీ మింజూరు మండితే నాకేంది బావా, ఆడ నా పోపు మాడిపోయె" అని గరిటె అతని మొహం ముందు ఊపి వెళ్ళిపోయింది.

ద్వారకనాథ్ పూర్వీకులు ఏనాటివో తెలుగు సేనల వెంట నడిచి వచ్చి ఈ నేలలో నిలిచిపోయినవాళ్ళు. ఏ యుద్ధం కోసం వచ్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. యుద్ధం పోయి నాగలి మిగిలింది. తర్వాత నాగలి కూడా పోయింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో చదివింది తమిళం కాబట్టి అతనికి తెలుగు అక్షరాలు రావు. పెళ్ళైన కొత్తలో ఉష, నీకు కలలు ఏ భాషలో వస్తాయి బావా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, కలలో వచ్చేవాళ్ళను బట్టి అని చెప్పాడు.

ఆట నేర్చుకున్నది తిరువళ్ళూరు స్టేషను పక్కన, ఏసు నడిపిన బ్రౌజింగ్ సెంటర్లో. ఏసు కూడా తెలుగువాడే, రైల్వే గ్యాంగులో పనిచేసిన కుటుంబం. ఇద్దరూ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకే పక్షాన, కంప్యూటర్ రాజుల మీద యుద్ధాలు చేసేవాళ్ళు. ఒకరితో ఒకరు ఎన్నడూ తలపడలేదు. తలపడితే ఆ తర్వాత టీ తాగడానికి మనిషి ఉండడని ఏసు భయం. అయితే ఏసుకు ఆటలో మొదటి భాగమే ఇష్టం. చీకటిగా ఉన్న పటం కొంచెం కొంచెంగా తెరుచుకోవడం, మొదటి నది కనపడడం, మొదటి ఊరు కట్టడం. గెలుపు ఖాయమని తెలిసిన మరుక్షణం అతనికి ఆవులింత వచ్చేది, కొత్త పటం తెరిచేవాడు. ద్వారకనాథ్ మాత్రం ఆఖరిదాకా కూర్చునేవాడు. అప్పటికి ఆటలో ఆనందం ఏమీ మిగలదు. వందల బలగాలను ఒక్కొక్కటిగా కదపాలి. ఒక్క వంతు ముగించడానికి అరపూట పట్టేది. శత్రురాజు మధ్యమధ్యలో తన మొహం చూపించి సంధి అడిగేవాడు. ద్వారకనాథ్ చదవకుండానే వద్దన్న బొత్తాం నొక్కేవాడు.

"గెలిచినావు కదా మామా. వాని పానం తీసేదాకా నీకు కూడు దిగదా?" అని ఏసు వెక్కిరించేవాడు.

"వానికి అలుపు లేదప్పా. నేను వదిలితే వాడు మళ్ళా లేస్తాడు" అనేవాడు ద్వారకనాథ్.

అతని స్వభావం మొత్తం ఆ మాటలో ఉంది. కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు పని దొరికినప్పుడు కూడా అంతే. పైన గాలిలో ఇనప రేకు వేలాడుతుంటే, కింద నిలబడి క్రేన్ నడిపేవాడికి చేతులతో సైగలు చేసే పని అతనిది. ఎండలో ఉప్పుగాలిలో చేతులు పైకెత్తి నిలబడేవాడు. తోటివాళ్ళు ఒక్కొక్కరే వేరే పనులు చూసుకుని వెళ్ళిపోయినా అతను కదల్లేదు. వారం చివర రైలెక్కి కడంబత్తూరు వచ్చి, కూతురు తనుశ్రీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏసు సెంటర్ మూసేసినప్పుడు ఇచ్చిన పాత లాప్‌టాప్ తెరిచి, ఉత్తరాన మిగిలిన రాజు దగ్గరికి తిరిగి వెళ్ళేవాడు.

ఉష అతనికి మేనమామ కూతురు. నగరి అవతల, ఆంధ్రా వైపు పల్లెలో పుట్టిన పిల్ల. ఆమెకు తమిళం వినపడేది గానీ అర్థమయ్యేది కాదు. కడంబత్తూరుకు వచ్చిన తొలి దినాల్లో ఒక మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చుని తింటున్నారు. ఆమె చారు పోస్తోంది. ద్వారకనాథ్ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి 'పోదుం' అన్నాడు. తమిళంలో దానికి అర్థం చాలు అని. ఉష చెవికి అది తెలుగు 'పోదం'గా వినపడింది. చారు గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళింది. మంచి చీర కట్టుకుని, జడ వేసుకుని, చేతిసంచితో బయటికొచ్చి, యాడికి బావా అని అడిగింది. అప్పటికి అత్త కుప్పమ్మకు పొలమారింది. ఆమె నవ్వి నవ్వి గోడ పట్టుకుని లేచింది. ఆ పొద్దు ద్వారకనాథ్ చెయ్యి కడుక్కుని, చీర కట్టుకున్న పాపానికి ఆమెను నిజంగానే తిరుత్తణి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఉష తమిళం నేర్చుకుంది. కానీ ఆ ఒక్క మాట మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు రెక్కలతోనే ఎగిరింది.

నలభై దాటాక యార్డులో అతనికి తలనొప్పులు మొదలయ్యాయి. ఎండదెబ్బ అనుకుని మాత్రలు మింగాడు. పాదాలు బూట్లలో పట్టనంత వాచాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. రెండు కిడ్నీలూ ఎండిన చిక్కుడు గింజల్లా ముడుచుకుపోయాయని చెప్పారు. యార్డు పని ఆగిపోయింది. వారానికి మూడుసార్లు తిరువళ్ళూరులో డయాలసిస్. పెరుమాళ్ ఆటో పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చేది. ఎడమచేతికి ఆపరేషన్ చేసి ఉబ్బించిన నరంలో లావుపాటి సూదులు గుచ్చేవాళ్ళు. ఆ చెయ్యి కదపకూడదు. అతని రక్తం ఎర్రటి దారంలా యంత్రంలోకి వెళ్ళి, కడుక్కుని, తిరిగి వచ్చేది. కుడిచెయ్యి మాత్రం ఒడిలోని లాప్‌టాప్ మీద సముద్రాలు దాటుతూ ఉండేది.

ఆ గదిలోనే అతను తన చివరి పటం మొదలుపెట్టాడు. పక్క మంచంలో నాగలింగం అనే రిటైర్డు కండక్టరు ఉండేవాడు. వచ్చీ రాగానే, ఏమప్పా, ఆ మంచురాజు లొంగినాడా లేదా అని అడిగేవాడు. లొంగలేదంటే, టిక్కెట్టు తీసుకోకుండా ఎక్కినోడు ఎప్పుడూ అంతే, దిగమంటే దిగడు అనేవాడు. ఒకసారి వెళ్ళేసరికి ఆ మంచంలో వేరే మనిషి ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ దినం ద్వారకనాథ్ లాప్‌టాప్ తెరవకుండా, తన రక్తం తిరిగి రావడం చూస్తూ పడుకున్నాడు. మరుసటిసారికి మళ్ళీ తెరిచాడు.

ఒక ఉదయం పెరట్లో పళ్ళు తోముకుంటూ పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడివైపు పూర్తిగా పోయింది. నోరు ఒక పక్కకు జారింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి అతని మాటలన్నీ, తెలుగువీ తమిళంవీ, వలస పిట్టల్లా ఎటో లేచిపోయాయి. ఒక్కటి మిగిలింది. అది కూడా సగం విరిగింది. జారిన పెదవుల మధ్య 'ద' మీది అచ్చు నలిగిపోయి "పోద్మ్" అని వినపడేది.

ఉషకు అది పోదం. ఆటో చప్పుడు వినగానే అతను ఆ మాట అనేవాడు. ఇంకా బతకాలని ఉంది, డయాలసిస్‌కు తీసుకుపొమ్మంటున్నాడు అని ఆమె అందరికీ చెప్పేది. తిరుత్తణి సుబ్రహ్మణ్యుడికి ముడుపు కట్టింది. తనుశ్రీకి అది పోదుం. తిరుత్తణి కాలేజీలో చదువుతున్న ఆ పిల్ల సెలవు పెట్టి నాన్నతో పాటు యంత్రం దగ్గర కూర్చునేది. సగం అయ్యేసరికి అతని బీపీ పడిపోయేది. చెమటలు పట్టేవి. నర్సు మంచం కాళ్ళవైపు ఎత్తేది. కళ్ళు పైకి తేలిపోతుండగా అతను ఆ మాటే అనేవాడు. యంత్రం మీద ఉన్న మనిషి యాడికి పోదం అంటాడు? చాలు అంటున్నాడు. అందులో సందేహం ఏముంది అని ఆ పిల్ల అనుకునేది.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. గుండె బలహీనంగా ఉంది. ఇకమీద ప్రతిసారీ ఇలాగే ఉంటుంది, ఇంకా కష్టమవుతుంది. కొనసాగించడం తప్పు కాదు. ఆపడం కూడా తప్పు కాదు. ఆపితే నొప్పి, ఆయాసం తెలియకుండా మందులిచ్చి చూసుకునే బాధ్యత తనది. అయితే ముందు ఆయన మనసు తెలుసుకోండి అంది.

మనసు తెలుసుకునే దారే మూసుకుపోయింది. ఏమడిగినా ద్వారకనాథ్ ఔనన్నట్టే తల ఊపేవాడు. డయాలసిస్‌కు పోదమా బావా అని ఉష అడిగితే ఊపేవాడు. ఇంక చాలా నాయినా అని తనుశ్రీ అడిగినా ఊపేవాడు. నేను నీ కొడుకునే కదా అని తనుశ్రీ పరీక్షగా అడిగింది. దానికీ అంతే ఒప్పుదలగా, అంతే ప్రేమగా ఊపాడు. ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. గాలికి ఊగే కొమ్మను ఏం అడిగినా అంతే.

తల్లీ కూతురూ మాట్లాడుకోవడం తగ్గింది. ఒక సాయంత్రం అతని వీపు తుడుస్తూ మళ్ళీ ఆ మాట వచ్చింది.

"చాలంటాండాడు అమ్మా. నీకు వినపడనట్టు ఉంటే ఎట్ట?" అంది తనుశ్రీ.

"నువ్వు తమిళంలో చదివినావని మీ నాయిన తమిళంలో మాట్లాడల్నా? ఇది తెలుగోళ్ళ ఇల్లు. పోదం అంటాండాడు."

"అన్నం కాడ నాయిన ఏ దినమన్నా చాలు అన్నాడా? పోదుం అనే కదా అనేది."

ఉష తడిగుడ్డ పిండింది. నీళ్ళు గిన్నెలో పడి ఆగాయి. వాళ్ళిద్దరి మధ్య పడుకున్న మనిషి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ తల ఊపాడు.

లాప్‌టాప్ తెరవాలని తనుశ్రీకి అనిపించింది ఆ మరుసటి ఉదయం. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుని చూసిందే గానీ ఆ ఆట మీద ఆమెకు ఎప్పుడూ చిరాకే. అయినా నాన్న చూపు ఊరికే దూలం మీద తిరుగుతుంటే భరించలేక, మంచం మీద బల్ల వేసి, మౌస్‌ను ఎడమవైపు పెట్టింది. ఆట ఎక్కడ ఆగిందో అక్కడే తెరుచుకుంది. నేరేడు రంగు నేల. ఉత్తరాన మంచు. మంచు తీరం చుట్టూ ద్వారకనాథ్ ఓడలు గుంపుగా నిలిచి ఉన్నాయి.

మొదట అతను తెరను గుర్తు పట్టనట్టు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి లేచింది. మౌస్ మీద వాలి తడుముకుంది, జారింది, మళ్ళీ పట్టుకుంది. ఒక ఓడ కదిలింది. మరొకటి. తన ఓడల్ని దారిలో గుద్దుకోకుండా, ఇసుకతిన్నె చుట్టూ తిప్పి, తుపాను గీతలున్న చోటును తప్పించి నడిపాడు. వంతు ముగించే బొత్తాం ఎక్కడుందో వెతుక్కోలేదు. తనుశ్రీ దగ్గరికి వంగి చూసింది. మాట పోయిన చోట మనిషి పోలేదు. లోపల దీపం అలాగే ఉంది, కిటికీలు మాత్రం మూసుకున్నాయి.

ఉష వంటింట్లోంచి వచ్చి చూసి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. బాగైపోతాడు అంది. అంటుంటే మొహం విచ్చుకుంది. ఆ వారమంతా ఇంట్లో వెలుగు కొంచెం మారింది. యంత్రం మీదకు వెళ్ళాల్సిన దినాలు ఎంత కష్టంగా గడిచినా, మధ్యలో దొరికిన ఉదయాల్లో అతను కాసేపు ఆడేవాడు, అలిసి నిద్రపోయేవాడు. ఉష ఫోన్లో నగరి వైపు బంధువులందరికీ చెప్పుకుంది. ఏసుకు కూడా చెప్పింది, వచ్చి చూసిపొమ్మంది.

ఏసు అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. నెరిసిన గడ్డం, మోకాలి నొప్పి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఏం మామా, నువ్వు లేస్తే రాజు పారిపోతాడని పడుకున్నావా అని పరాచికం ఆడాడు. ద్వారకనాథ్ మూతి ఒక పక్క నవ్వింది. ఆట సాగింది. ఏసు ముందు సరదాగా చూశాడు. తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

బయటికి వచ్చాక చెప్పుల్లో కాలు పెట్టబోతూ ఆగి, ఉషను, తనుశ్రీని పిలిచాడు. మీరు గమనించారో లేదో గానీ ద్వారకనాథ్ యుద్ధం చేయడం లేదు అన్నాడు. ఉత్తరాన నిలిపిన ఓడలన్నీ వెనక్కి తెస్తున్నాడు. ముట్టడి వేసిన ఊళ్ళ దగ్గర నుంచి సైన్యం లేచిపోయింది. సగం ఓడలు ఇప్పటికే కాట్టుపల్లి రేవులోకి వచ్చి లంగరు వేసుకున్నాయి. సైనికులు దిగి ఎవరి ఊరికి వాళ్ళు, మోసూరుకు, మణవూరుకు నడుస్తున్నారు.

"ఇన్నేళ్ళలో వాడు ఇట్ట ఆడింది నేను చూళ్ళేదు శెల్లెమ్మా" అన్నాడు ఏసు.

ఉష ఒప్పుకోలేదు. బుర్ర దెబ్బతిన్న మనిషి, ఎటు నడపాలో మరిచిపోయి ఉంటాడు అంది. వింతగా, తనుశ్రీ కూడా అదే మాట అంది. ఇన్నాళ్ళూ తన వాదనకు సాక్ష్యం వెతికిన పిల్ల, సాక్ష్యం గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి దాన్ని లోపలికి రానివ్వలేకపోయింది. గబగబా వెళ్ళి మంచం మీద కూర్చుంది. నాన్న చేతికింది నుంచి మౌస్ తీసుకుని, దారిలో ఉన్న ఒక ఓడను పట్టి మళ్ళీ ఉత్తరానికి తిప్పింది. ద్వారకనాథ్ చూశాడు. కోపం రాలేదు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా తీసి, ఓడను ఇంటి దారి పట్టించాడు. ఆమె ఈసారి రెండు ఓడల్ని తిప్పింది. వాటినీ వెనక్కి తెచ్చాడు, బడి నుంచి పిల్లల్ని పిలుచుకొచ్చినంత ఓపికగా. మూడోసారి ఆమె చెయ్యి చాచినప్పుడు మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. కూతురి కళ్ళలోకి చూశాడు.

"పోద్మ్" అన్నాడు.

గుమ్మంలో ఉషకు, మంచం మీద తనుశ్రీకి ఆ మాట మొదటిసారి ఒకే భాషలో వినపడింది.

వంతు ముగిసింది. తెరమీద మంచురాజు మొహం లేచింది, కింద రెండు బొత్తాలు. ద్వారకనాథ్ చెయ్యి ఎన్నడూ వెళ్ళని వైపు వెళ్ళి ఆగి, నొక్కింది. ఏం నొక్కినాడు అన్నా అని ఉష, తన వెనకే వచ్చి నిలబడిన ఏసును అడిగింది. సంధికి ఒప్పుకున్నాడమ్మా అని చెప్పి ఏసు మొహం తిప్పుకున్నాడు. గూడ్సు బండి ఒకటి స్టేషను దాటి పోతోంది.

మరుసటి ఉదయం డయాలసిస్ దినం. పెరుమాళ్ ఆటో ఎప్పటిలాగే వచ్చి నిలిచింది. అతను లోపలికి వచ్చి మనిషిని ఎత్తడానికి చేతులు తుడుచుకుంటుంటే ఉష అడ్డం వచ్చి నిలబడింది.

"ఈ దినం వద్దు పెరుమాళన్నా. ఇంగ వద్దు" అంది.

పెరుమాళ్‌కు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అతనికంటే ముందు తనుశ్రీకి అర్థమైంది. లోపలికి పరుగెత్తి, ఆసుపత్రి కాగితాల సంచి, దుప్పటి, నాన్న చొక్కా పోగేసుకుని బయటికి వచ్చింది. చొక్కా చేతులు నేల మీద ఈడుస్తున్నాయి. ఈ ఒక్కసారి తీసుకుపోదాం అంది. నిన్న చూసింది ఆట అంది. ఆటను చూసి మనిషి పానం తీస్తారా అంది. తను అన్న మాటలన్నీ తప్పు అంది, నాయిన చెప్పింది పోదమే అంది, తను తమిళం చదివిన చెవితో విన్నానంది. ఆ పిల్ల గొంతు వీధి చివరిదాకా వినపడింది.

ఉష ఆమె చేతుల్లోంచి సంచి తీసుకుంది. దుప్పటి తీసుకుంది. చొక్కా దులిపి భుజాన వేసుకుంది.

"నాకు మొదటి దినమే తెలుసు మ్మే" అంది. "తెలుగులో వింటే నాకు ఇంకొన్నాళ్ళు ఉంటాడని అట్ట విన్నా."

తనుశ్రీ మెట్టు మీద కూలబడింది. పెరుమాళ్ ఏం చేయాలో తెలియక లోపలికి వెళ్ళి, ద్వారకనాథ్ తల కింద దిండు సరిచేసి, బయటికొచ్చి, ఆటో స్టార్టు చేయకుండా రోడ్డు మలుపుదాకా తోసుకుంటూ పోయాడు.

ఆ తర్వాత మిగిలినవి కొన్ని దినాలే. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. నర్సును పంపింది, ఆయాసం రాకుండా మందులిచ్చింది. కిడ్నీలు పోయినందుకు అన్నేళ్ళూ గుక్క లెక్కన ఇచ్చిన నీళ్ళను ఉష అతను నోరు తెరిచినప్పుడల్లా తడిపిన గుడ్డతో, చెంచాతో ఇచ్చింది. చెరుకు రసం చుక్క నాలుక మీద వేస్తే కళ్ళు మూసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. లాప్‌టాప్ అడగలేదు. ఏసు వచ్చి కూర్చుని, బ్రౌజింగ్ సెంటర్లో కరెంటు పోయిన కథలు చెప్పేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఆ మాట కూడా మళ్ళీ అనలేదు. అనడానికి ఇంకేమీ లేనట్టు ఎక్కువగా నిద్రపోయేవాడు. నిద్రలో ఎడమచేతి నరం మీద తనుశ్రీ వేలు ఆనిస్తే, చర్మం కింద దూరపు సముద్రంలా ఒక హోరు తగిలేది.

ఒక రోజు పదకొండు దాటిన వేళ. ఎండ కిటికీ చువ్వల మీదుగా మంచం దాకా వచ్చింది. ఎన్నాళ్ళో చిక్కుపడి ఉన్న కూతురి జుట్టుకు నూనె రాసి, మంచం పక్కనే నేల మీద కూర్చోబెట్టుకుని ఉష జడ వేస్తోంది. తనుశ్రీ అరచెయ్యి నాన్న చేతి మీద ఉంది. ఆ హోరు ఆగడం ముందు ఆమెకే తెలిసింది. ఆమె భుజాలు బిగుసుకోవడం ఉష వేళ్ళకు తెలిసింది. ఉష సగం అల్లిన జడను వదల్లేదు. పాయ మీద పాయ వేస్తూ, చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు చుట్టి, అప్పుడు లేచింది.